పక్కవాద్యం

కువోపియోలో ఫిబ్రవరి.
సరస్సు బండరాయిలా గట్టిపడింది,
దాని మీద ఎవరో కారు నడుపుకుంటూ పోతున్నారు.
మూడో అంతస్తులో, వేడినీళ్ళ గొట్టాలు గొణిగే గదిలో
అకార్డియన్ పట్టీలు భుజాలకు తగిలించుకుని
తౌనోకి ఎదురుగా కూర్చుంటాను.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి.
దుంగల తెప్పల్ని లాగే పడవలో
ఇంజను చూసుకున్నవాడు.
అక్టోబరులో ఒక పొద్దున కాఫీ కప్పు జారింది,
కుడిచెయ్యీ మాటలూ
దాంతోపాటే నేలపాలయ్యాయి.
మిగిలింది "యో" ఒక్కటే.
అంటే అవును అని.
ఆకలికీ అదే, కోపానికీ అదే,
నర్సు దుప్పటి సర్దినందుకూ అదే.

మూడు వారాలు బాగా వాయించాను.
గొప్ప కోసం కాదు, నిజంగానే బాగా వాయించాను.
అతని పడుచుతనం నాటి వాల్ట్జ్‌లు వెతికి తెచ్చాను,
ఎడమచేత్తో బేసు మీగడలా పరిచాను,
సందు కనిపిస్తే చాలు
జరీ కుట్టేశాను.
అతను కిటికీలోంచి
కింద మంచు తోసే బండిని చూస్తూ ఉన్నాడు.
వాయించడం ఆపితే
పాతకాలపు మర్యాదతో
"యో" అన్నాడు.

కారిడార్‌లో నేల తుడుస్తూ హోదన్
తన సోమాలీ యాసలో అడిగింది:
"విందు వండి, అంతా నువ్వే తినేసి
చెయ్యి కడుక్కుంటావేం?
ఆయనకి ఒక్క ముద్దయినా ఉంచవా?"
నాకు కోపమొచ్చింది.
పదిహేనేళ్ళ చదువు కదా, రాదా మరి.

మర్నాడు పొడిగాలికి
ఒక రీడు మైనం వదిలేసింది.
ఆ వాల్ట్జ్‌లో మూడో దెబ్బకల్లా తిరిగొచ్చే స్వరం,
అక్కడ గాలి మాత్రం వచ్చింది.
ఒకటి, రెండు, ఉస్సు.
ఒకటి, రెండు, ఉస్సు.
సిగ్గుపడి ఆపబోతుంటే
తౌనో తల ఇటు తిరిగింది.

కనుబొమలు ముడిపడ్డాయి.
పాట వినేవాడి చూపు కాదది.
నూనె మరకల నిచ్చెన దిగుతూ
మొరాయిస్తున్న సిలిండరు ఏదో
చెవితో వెతికేవాడి చూపు.
ఎడమ మడమ లేచి
చక్రాల కుర్చీ పాదాల పలక మీద
నా ఉస్సు దగ్గర
ఠక్.

ఒకటి, రెండు, ఠక్.

రీడు ఇంకా బాగుచేయించలేదు.
రాత్రిళ్ళు వంటింట్లో తప్పులు సాధన చేస్తున్నాను,
పిల్లి లేచి వెళ్ళిపోతుంది.
ఏ స్వరం ఎక్కడ వదిలెయ్యాలి,
వదిలాక ఎంతసేపు ఊపిరి బిగబట్టాలి.
ఖాళీ మరీ ఇరుకైతే కాలు పట్టదు,
మరీ వెడల్పైతే మనిషి పడిపోతాడు.
అతని ఛాతీ పొంగినప్పుడే తిత్తి తెరవాలి.
అతను తొందరపడితే నేనూ తొందరపడాలి,
తాళం తప్పితే
ఆ తప్పే తాళం.

కుడిచేతి కింద చిన్న డప్పు పెట్టాం.
ఆ చెయ్యి దాని మీద
ఎవరో మరచిపోయిన తొడుగులా పడి ఉంటుంది.
కొన్ని రోజులు కాలు కూడా కదలదు.
కానీ ఒక గురువారం నేను కావాలని
మూడు చోట్ల వరసగా స్వరం ఎగ్గొడితే
ఎర్రబడి, కుర్చీ చెయ్యి చరిచి
అరిచాడు:
"ఆయిల్!"
గొట్టాలు కూడా గొణగడం ఆపినట్టనిపించింది.
నేను లేచి, ఉత్త చేత్తో
అకార్డియన్‌కి ఆయిల్ పోశాను.
"యో," అన్నాడు.
ఈసారి అవును అనే.

ఫారంలో ఒక గడి:
రోగి వాయిద్యాన్ని ఎంతవరకు అనుసరించాడు?
ఒకటి నుంచి ఐదు.
గడి ఖాళీగానే వదిలి
కోటు తొడుక్కుని కిందికి దిగాను.

ఆవరణలో మంచు తోసే బండి
పసుపు దీపం తిప్పుకుంటూ వస్తోంది.
ఇన్నాళ్ళూ దాని పక్కనుంచే నడిచాను.
ఇవాళ నిలబడి విన్నాను,
ఒకటి, రెండు,
ఉస్సు.